తేదీల కాలమ్ తీసెయ్యకు

చిట్టీ,

నువ్వు పీహెచ్‌డీకి ఎడిన్‌బరో వెళ్తున్నావని గురువారం మీ పిన్ని చెప్తే తెలిసింది. మీ నాన్న ఆదివారమే నాతో అరగంట మాట్లాడాడు, ఒక్క ముక్క చెప్పలేదు. గట్టిగా నాలుగు పెడదామనుకున్నాను. తీరా చూస్తే నువ్వు వాడికి చెప్పిందే సోమవారమట. ఇక ఆదివారం ఫోన్లో ఆ కబురు నాకెలా వస్తుంది? నీకూ వాడికీ మధ్య గీత ఉంది, వాడికీ నాకూ మధ్య గీత ఉంది, దారి మాత్రం లేదు. నువ్వు చదవబోయేది ఇదేనటగా, కాలంతో మారే నెట్‌వర్కులు. నా మేనకోడలు నా దారిలోకే వచ్చిందని పొంగిపోయాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

లీనియర్ ఆల్జీబ్రా ఇంకోసారి తిరగెయ్యి. అసలు ఫైలు ముట్టుకోకుండా కాపీ మీద పని చెయ్యి. ఇవి ఎవరైనా చెప్తారు. లాగ్‌లో, అంటే ఎవరు ఎవరికి ఎప్పుడు పంపారో రాసిపెట్టే పట్టీలో, గడియారాలు కూడా సరిచూసుకో. ఒక సర్వర్ గ్రీన్విచ్ టైములో, ఇంకోటి మన టైములో రాస్తే ఐదున్నర గంటల తేడా వస్తుంది. ప్రశ్న కంటే జవాబే ముందొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు చెప్పేది మీ మామయ్యకి కూడా చెప్పలేదు.

2001లో, నేను కాలేజీలో లెక్కలు చెప్తున్న రోజుల్లో, ఒక కంపెనీవాళ్ళు వచ్చారు. వాళ్ళ టెండర్ రేటు ముందే బయటికి పొక్కింది. మూడు నెలల ఈమెయిల్ లాగ్ చేతికిచ్చారు. ఎవరు, ఎవరికి, ఎప్పుడు, అంతే. లోపల ఏం రాసుకున్నారో లేదు. ఎవరి ద్వారా పోయి ఉంటుందో లెక్క కట్టమన్నారు. నాకా అప్పుడు ఫ్రీమన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1977లో చెప్పిన బిట్వీన్‌నెస్ అంటే పిచ్చి. ఇద్దరిద్దరి మధ్య దగ్గరి దారులు ఎవరి మీదుగా ఎక్కువగా పోతాయో వాళ్ళకి ఎక్కువ మార్కులు. మూడు నెలలూ కలిపి, ఎవరు ఎవరికి రాశారో చూపే ఒకటే మాత్రిక చేశాను. 'ఎప్పుడు' అన్న కాలమ్ అడ్డుగా ఉందని తీసేశాను.

రేట్లు వేసే సెక్షన్ నుంచి బయటి కాంట్రాక్టరుకు దారి ఒక్కరి మీదుగానే తేలింది. డిస్పాచ్‌లో పనిచేసే ఒకావిడ. బొమ్మలో ఆవిడ పేరున్న చుక్క చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఇచ్చాను. భలే చేశారు మేడమ్ అన్నారు. ఫోన్లో అనుకున్నవీ, టీ కొట్టు దగ్గర చెప్పుకున్నవీ ఏ లాగ్‌లోనూ పడవన్న మాట కూడా నా నోట రాలేదు. ఆవిడకి వేరే ఊరికి బదిలీ వేశారు. కొడుకు పదో తరగతి, పబ్లిక్ పరీక్షలయ్యే దాకా ఆగండని అడిగిందట. ఆగలేదు. ఉద్యోగం మానేసింది.

ఏడాది తరవాత పాఠానికి ఉదాహరణ కావాలని అదే ఫైలు తెరిచాను. ఆవిడ కాంట్రాక్టరుకు రాసింది ఒకే ఒక్క మెయిల్, 9వ తేదీన. రేట్ల సెక్షన్ నుంచి ఆవిడకి మొట్టమొదటి మెయిల్ వచ్చింది అదే నెల 16న. వారం తరవాత చేతికందేదాన్ని ముందే ఎలా పంపుతుంది? రెండు అడ్డవరసలు చూస్తే చాలు, అంతకంటే లెక్కేం లేదు. కంపెనీకి ఫోన్ చేస్తే అది అయిపోయిన విషయం మేడమ్ అన్నారు. అడ్రస్ కనుక్కుని ఆవిడ వీధి మొదటి దాకా వెళ్ళాను. గేటు కనిపించింది. వెనక్కి వచ్చేశాను. ఏమని చెప్పను, మాత్రిక తప్పు కట్టానని?

మీకిప్పుడు మంచి పనిముట్లున్నాయి. పొడుగు దారులకి విలువ తగ్గిస్తూ అన్ని దారులూ లెక్కపెట్టడం కాట్జ్ అనే గణాంకవేత్త 1953లోనే చెప్పాడు. 2011లో గ్రిండ్రాడ్, హైయమ్ అనే లెక్కల శాస్త్రవేత్తలు, వాళ్ళతో పనిచేసినవాళ్ళు దాన్ని పూటకో రోజుకో ఒక మాత్రికగా విడగొట్టి, కాలం వరసలో గుణించారు. మాత్రికల్ని గుణించే వరస మారితే జవాబూ మారుతుందని, ఏబీ, బీఏ ఒకటి కావని ఇంటర్లో నిన్నెన్నిసార్లు తిట్టానో గుర్తుందా? 9కీ 16కీ ఉన్న తేడా అక్కడ దాక్కుంది తల్లీ. ఒక చిన్న ఇరకాటం ఉంది. ఆ తగ్గించే గుణకం, ఏ రోజు మాత్రిక తీసుకున్నా, 1ని దాని పెద్ద ఐగెన్ వాల్యూతో (ఆ మాత్రికతో గుణించినకొద్దీ లెక్క ఎంతగా పెరుగుతుందో చెప్పే సంఖ్యతో) భాగిస్తే వచ్చేదానికన్నా చిన్నదిగా ఉండాలి. మామూలు రోజులు చూసి పెట్టేశావనుకో, సంక్రాంతి దగ్గర లెక్క కూలుతుంది. అందరూ అందరికీ ఫోన్లు చేసే రోజది, ఆ సంఖ్య పెరిగిపోతుంది. రోజుకొక ముక్కగా కోసినా, ఆ ముక్క లోపల పొద్దునా సాయంత్రం కలిసిపోతాయి. మరీ సన్నగా కోస్తే మాత్రికలన్నీ సున్నాలే. ఎంత ముక్క కొయ్యాలో నన్నడక్కు, రెండు మూడు రకాలుగా కోసి చూడు. ముక్క మారగానే జవాబు మారిపోతే ఆ జవాబు ఎవరి చేతిలోనూ పెట్టకు.

పేర్లు తీసేశాం కదా అని ధీమాగా ఉండకు. 15 లక్షల మంది మొబైల్ డేటా మీద 2013లో వచ్చిన పరిశోధనలో, ఎప్పుడెక్కడున్నారో నాలుగే నాలుగు సంగతులు తెలిస్తే 95 శాతం మందిని విడిగా గుర్తుపట్టొచ్చని తేలింది.

ఎర్ర సున్నా ఉన్న ఆ కాగితం కాపీ ఇంకా బీరువాలో ఉంది. నీకు పంపుదామనుకున్నాను. పేరు కొట్టేసినా మిగతావి ఉంటాయి. వద్దులే.

చలికోట్లు ఇక్కడ కొనకు, డబ్బు దండగ. టికెట్ తీసుకున్న రోజే నాకు ఫోన్ చెయ్యి. మీ పిన్ని కంటే ముందు.

మీ అత్త