తుఫానుకి పోయిన ఊరు వేరు, యుద్ధానికి పోయిన ఊరు వేరు

ఒరే చిన్నా,

దక్షిణ సూడాన్‌లో జూబాకి వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, చెప్పి కాసేపు ఏడ్చింది, నువ్వైనా వాడికి చెప్పన్నయ్యా అంది. వద్దని నేనెలా చెప్తాను? వాల్తేరులో ముప్ఫై ఏళ్లు పట్టాల మీద తిరిగి రిటైరై, కంచరపాలెంలో ఊరికే కూర్చోలేక శ్రీలంక పోయినవాణ్ణి. 1983లో మొదలైన యుద్ధం అక్కడ 2009 మేలో ఆగింది, ఆ తర్వాత ఉత్తరాన జాఫ్నా లైను మళ్లీ వెయ్యడానికి మన దేశం నుంచి వెళ్లినవాళ్లలో నేనొకణ్ణి. నాది పట్టాల పని, నీది రోడ్ల పని, అంతే తేడా.

హుద్‌హుద్ గుర్తుందిగా, 2014 అక్టోబర్ 12. సరిగ్గా మర్నాడే జాఫ్నాకి 24 ఏళ్ల తర్వాత రైలొచ్చింది. దేశాధ్యక్షుడే ఎక్కి వచ్చాడు, స్టేషనంతా జనం, నేనేమో ప్లాట్‌ఫారం చివర నిలబడి విశాఖకి ఫోన్ కొడుతున్నా, లైను కలవదు. రెండ్రోజులకి కలిస్తే మీ అత్త చెప్పింది, పైన రేకులు ఎగిరిపోయాయి, పక్కింటాయన వచ్చి టార్పాలిన్ కట్టి వెళ్లాడని. ఆయనకీ మనకీ గోడ తగువు ఎన్నేళ్లుగా ఉందో నీకు తెలుసు. తుఫాను తర్వాత అలాగే ఉంటుందిరా, సముద్రం మీద ఎవడు పగ పెట్టుకుంటాడు? యుద్ధానికి పోయిన ఊళ్లో మనింటికి నిప్పు పెట్టినవాడెవడో తెలుసు, వాడిప్పుడు ఏ వీధిలో ఉంటున్నాడో కూడా తెలుసు. అందుకే వెళ్లగానే మనమంతా ఒకటే, అన్నదమ్ములం అని మొదలుపెట్టకు. విని తలూపుతారు, సాయంత్రం పనిలోకి రారు.

నేను వెళ్లేటప్పటికి అక్కడ పాత పట్టా ఒక్కటి లేదు. పట్టాలూ స్లీపర్లూ పీకి బంకర్లకి వాడేశారు. మన భీమిలి రోడ్డులో ఉన్నట్టే దారి పొడుగునా తాటిచెట్లు, కానీ చాలావాటికి తలల్లేవు, షెల్లులు పడి మొండి మానులే నిలబడి ఉన్నాయి. ముహమాలై దగ్గర మందుపాతరలు తీసేదాకా మేం గునపం దించలేదు. ఎర్ర బోర్డు, మధ్యలో పుర్రె బొమ్మ, దాని పక్కన మేక మేస్తూ ఉండేది. నీకూ అలాంటి చోట్లు తగులుతాయి, పని ఎంత లేటైనా ఆ విషయంలో తొందరపడకు, పైవాడు అరిస్తే అరవనీ.

నేను చేసిన తప్పొకటి చెప్తాను. భాష కుదరట్లేదని సింహళం వాళ్లని ఒక గ్యాంగు, తమిళం వాళ్లని ఒక గ్యాంగు చేశాను. మేస్త్రీకి సులువు, నాకూ సులువు. నెల తిరక్కుండా మంచినీళ్ల డ్రమ్ములు రెండయ్యాయి, తర్వాత నీడకి వేసిన పరదాలు రెండయ్యాయి, ఒకరోజు ఒక గ్యాంగుకి జీతం ముందు, రెండోదానికి మూడ్రోజులు ఆలస్యం, అది కంపెనీ ఆఫీసులో ఎవడో చేసిన నిర్వాకం, కానీ కావాలనే చేశామని అనుకున్నారు. ఎందుకనుకోరు? 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అని చట్టం చేసిన దగ్గర్నుంచీ తమిళులు చూస్తున్నది అదే కదా. గ్యాంగులు కలిపేశాను, జీతం ఒకే రోజు, ఒకే బల్ల దగ్గర, కాగితం రెండు భాషల్లో. స్నేహాలు అయిపోయాయని చెప్పను. డ్రమ్ము మాత్రం ఒకటే అయింది.

డబ్బు సంగతి. మన దేశం అక్కడ 50 వేల ఇళ్లకి సాయం చేసింది. ఎక్కువ ఇళ్లకి కాంట్రాక్టరు లేడు, ఇంటికి ఐదున్నర లక్షల శ్రీలంక రూపాయలు విడతలుగా వాళ్ల బ్యాంకు ఖాతాలోనే వేశారు, ఎవరిల్లు వాళ్లే కట్టుకున్నారు. వంటగది ఎటుండాలో, గుమ్మం ఎటు పెట్టాలో వాళ్లిష్టం. నీ ప్రాజెక్టులో అలాంటి వీలు కొంచెమున్నా వదులుకోకు.

ఇంకోటి, తప్పిపోయినవాళ్ల గురించి నువ్వడక్కు, వాళ్లు చెప్తే మాత్రం లేవకుండా విను. మా పని దగ్గర టీ ఇచ్చే ఒకావిడ భర్త 2009 నుంచీ లేడు. మరణ ధ్రువపత్రం తీసుకుంటే పొలం కాగితాలు కదులుతాయి, కానీ తీసుకుంటే తనే చంపేసినట్టుంటుందని ఆవిడ తీసుకోలేదు. ఇలాంటివాళ్ల కోసం 2016లో చట్టం మార్చి, చనిపోయాడని కాకుండా కనిపించడం లేదని పత్రం ఇవ్వడం మొదలుపెట్టారు. నాకు తెలిసి యుద్ధం తర్వాత చేసిన తెలివైన పనుల్లో అదొకటి, దానికి సిమెంటు కూడా అక్కర్లేదు.

నువ్వు వెళ్లే దేశం సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు. 2011లో స్వాతంత్ర్యం, 2013 డిసెంబర్లో తమలో తామే కొట్టుకోవడం, 2018లో ఒప్పందం. ఆ ఒప్పందం కాగితాన్ని నమ్ముకుని ఎవర్నీ నీ తెగేది, నువ్వు డింకావా, నువేర్‌వా అని మొదటి వారంలోనే అడగకు. పారిపోయి తిరిగొచ్చినవాళ్ల ఇళ్లలో వేరేవాళ్లు కాపురాలుంటున్నారట, నీ రోడ్డు అలాంటి ఇంటి ముందు నుంచే వెళ్తుంది. కొలతలు తీసే ముందు ఆ స్థలం ఎవరిదని ఇద్దర్నీ అడుగు, ఉంటున్నవాణ్ణీ, పోయినవాణ్ణీ.

ఎందుకు చెప్తున్నానంటే, ఒక ముసలామె రోజూ వచ్చి జాఫ్నా దాటి కాంకేసన్‌తురై దాకా లైను ఎప్పుడేస్తారని అడిగేది. ఆమె ఊరు అటే, 1990లో ఖాళీ చేయించారు, అప్పట్నించీ క్యాంపులోనే. 2015 జనవరిలో అక్కడిదాకా బండి వెళ్లింది, టికెట్టు నేనే కొనిచ్చాను. దిగి చూస్తే ఆమె వీధి ఇంకా సైన్యం కంచె లోపలే ఉంది. అదే బండిలో వెనక్కి వచ్చేసింది. రైలు బాగుంది నాయనా అంది.

చొక్కాలు ఎక్కువ పెట్టుకోకు, బరువు. దోమతెర మాత్రం ఇక్కడే కొనుక్కో.

మీ మావయ్య