తేలినీలాపురం పెరటి చెట్ల మీది పక్షులు సైబీరియా నుంచి వస్తాయా?

సైబీరియా నుంచి వస్తాయని చాలామంది అనుకుంటారు కానీ, అక్కడి నుంచి రావు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో ఇళ్ల పక్క చింతచెట్ల మీద గూళ్లు కట్టే పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు మన దక్షిణాసియా పక్షులే. నీళ్లు, చేపలు ఉన్న చోటును బట్టి అవి ప్రాంతాలు మారుతుంటాయి. వానలకు చెరువులు, తంపర (చిత్తడి) భూములు నిండాక పిల్లలకు మేత దగ్గర్లోనే దొరుకుతుంది. అందుకే ఆ అదను చూసుకుని ఇక్కడ గుడ్లు పెడతాయి.

నిజంగా ఉత్తరాది చలి దేశాల నుంచి వచ్చే సూదితోక బాతును చూడండి. శీతాకాలమంతా మన చెరువుల్లో మేస్తుంది కానీ ఇక్కడ గూడు కట్టదు. గుడ్లు పెట్టేది వేసవిలో తిరిగి వెళ్లాకే.

ఏటా ఒకే కాలంలో వచ్చే పక్షి విదేశీదే అయి ఉండాలనుకోవడంతో వచ్చిన చిక్కు ఇది. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వచ్చే నత్తగుల్ల కొంగలకూ పాపం సైబీరియా పేరే తగిలించారు!