ఫ్లైఓవర్ కడితే వ్యాపారానికి ఏం ఒరుగుతుంది?

ప్రభుత్వం రోడ్లు, కరెంటు మీద డబ్బు పెడితే వ్యాపారాల ఉత్పాదకత ఎలా పెరుగుతుందని అడిగారు.

ఉత్పాదకత అంటే అదే మనుషులతో, అవే గంటల్లో ఎక్కువ పని జరగడం. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఆగీ ఆగీ రోజుకు మూడు ట్రిప్పులు వేసే ట్రాలీ ఆటో, దారి సాఫీగా ఉంటే నాలుగు వేస్తుందనుకుందాం. డ్రైవర్ అతనే, బండీ అదే. పని మాత్రం మూడో వంతు పెరిగింది. అసలు లాభం ఇంకోటి, అది పైకి కనపడదు. సరుకు టైముకు వస్తుందన్న నమ్మకం కుదిరితే షాపువాళ్లు గోడౌన్‌లో నెలకు సరిపడా పేర్చుకోరు. అలా ఇరుక్కుపోయే డబ్బు వేరే పనికొస్తుంది. కరెంటూ అంతే: కోతల్లేకపోతే గుంటూరులో మిర్చి నిల్వచేసే కోల్డ్ స్టోరేజీకి జనరేటర్ డీజిల్ ఖర్చు తప్పుతుంది.

అయితే ఈ ఊపు ఎప్పటికీ ఉండదు. అమెరికా హైవేలపై 1999లో వచ్చిన పరిశోధనలో జాన్ ఫెర్నాల్డ్ అనే ఆర్థికవేత్త చూపించింది ఇదే. వాహనాలు ఎక్కువ వాడే పరిశ్రమలు ఎక్కువ లాభపడ్డాయి. కానీ మొదటి హైవేల నెట్‌వర్క్ ఇచ్చినంత లాభం రెండోది ఇవ్వకపోవచ్చు. కృష్ణా నది మీద మొదటి వంతెనకూ ఐదో వంతెనకూ తేడా ఉంటుంది కదా! నన్నడిగితే, చాలాచోట్ల కొత్త ఫ్లైఓవర్ కన్నా ముందు ఉన్న రోడ్డు గుంతలు పూడ్చడమే గిట్టుబాటు.