మధ్యాహ్నం గాలికి లేజర్ టిల్లర్ బరువెక్కుతోందా?

చెన్నై హార్బర్‌లో మధ్యాహ్నం సముద్రపు గాలి లేవగానే మీ లేజర్ (ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ) టిల్లర్, అంటే చుక్కాని తిప్పే కర్ర, చేతిని లాగేస్తోందని, పడవ గాలివైపే తిరిగిపోతోందని రాశారు.

ముందు చుక్కాని చూడండి. పలక పూర్తిగా కిందికి దిగకుండా కాస్త వెనక్కి లేచి ఉన్నా చాలు, నీటి ఒత్తిడి ఇరుసుకు దూరంగా పడి టిల్లర్ బరువెక్కిపోతుంది. పలకను కిందికి దించే డౌన్‌హాల్ తాడు గట్టిగా లాగి క్లీట్‌లో (తాడును పట్టి ఉంచే బిగింపు) వెయ్యండి. అక్కడ జారుతుంటే క్లీట్ పళ్లు అరిగినట్టే, మార్చేయండి.

పలక సరిగ్గానే ఉందంటే తప్పు పడవ ఒరగడంలో ఉంది. ఒరిగినకొద్దీ అది గాలివైపు తిరుగుతుంది. మీరు టిల్లర్‌తో ఆపబోతే చుక్కాని బ్రేకులా పనిచేస్తుంది. గాలి విసురు తగలగానే మెయిన్‌షీట్ (తెరచాపను లాగి పట్టే తాడు) జానెడు వదిలి, ఒళ్లు బయటికి వాల్చి, పడవ నిటారుగా లేవగానే మళ్లీ లాగండి. బూమ్‌ను (తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర) కిందికి పట్టి ఉంచే వాంగ్ తాడు మాత్రం ముందే బాగా బిగించి ఉండాలి. లేకపోతే షీట్ వదిలినప్పుడు బూమ్ పైకి లేచి తెరచాప ఇంకా ఉబ్బుతుంది. తెరచాప ముందు అంచును కిందికి బిగించే కనింగ్‌హామ్ తాడు కూడా లాగండి.

మీ బరువు 60 కిలోలంటున్నారు. 7.06 చదరపు మీటర్ల తెరచాప ఆ గాలికి ఎక్కువండీ. 5.76 చదరపు మీటర్లది, దాని పొట్టి కింది మాస్టుతో (తెరచాప స్తంభంలో కింది ముక్క) సహా, వాడండి.

షీట్ బిరుసుగా కదిలితే కప్పీల్లో ఉప్పు పేరుకుందని అర్థం. మంచినీళ్లతో కడగండి, గ్రీజు వద్దు, ఇసుక పట్టేస్తుంది.