రికార్డు కడిగాక చిటపట ఎందుకు పెరిగింది?

ప్రశ్న: నాన్నగారు దాచిన గ్రామఫోన్ రికార్డులు, ఎల్పీలనే పెద్దవి, ఈపీలనే చిన్నవి కలిపి అరవై దాకా ఉన్నాయి. దుమ్ము పోతుందని సబ్బునీళ్ళతో కడిగి, బోరు నీళ్ళతో జాడించి ఆరబెట్టాను. ఇప్పుడు ముందుకన్నా ఎక్కువ టిక్కులు వినిపిస్తున్నాయి. పాడైపోయాయా?
— ఒక పాఠకురాలు, కావలి

జవాబు: చాలావరకు పాడై ఉండవు. బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లగా గార కడుతుంది కదా, ఆ గారే ఇప్పుడు మీ రికార్డు గాడిలో ఉంది. నీరు ఆరినా అందులోని ఉప్పులు అక్కడే మిగులుతాయి. సూది వాటికి తగిలినప్పుడల్లా టిక్కుమంటుంది. సబ్బు పొర దానికి తోడు. మళ్ళీ శుభ్రం చేసేదాకా వాటిని దయచేసి వేయకండి. మొన అతి సన్నం కాబట్టి రెండు గ్రాముల బరువు కూడా అక్కడ పెద్ద ఒత్తిడే. గాడి గోడలకు ఒకసారి గుంట పడితే ఇక పూడదు.

డిస్టిల్డ్ వాటర్ 850 మి.లీ., 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 150 మి.లీ., ఫొటో ఫిల్ము ఆఖరి కడుగుకు వాడే వెట్టింగ్ ఏజెంట్ నాలుగైదు చుక్కలు కలపండి. ఆర్వో నీళ్ళు చాలవు, వాటిలోనూ కొంత ఉప్పు ఉంటుంది. లేబుల్ తడవకుండా మెత్తటి బ్రష్‌తో ద్రవం పూసి, రెండు నిమిషాలు నాననిచ్చి, గాడి తిరిగే దారినే గుండ్రంగా రుద్దండి. అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో జాడించడం తప్పనిసరి. ఈ జాడింపు మానేసినవాళ్ళే కడిగినా లాభం లేదంటారు. మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది, ప్లేట్ల స్టాండులో నిలబెట్టి నీడలో ఆరనివ్వండి. మన ఎండలో పెడితే వంకర పోతాయి. గార మొండిదైతే రెండు మూడు కడుగులు పడతాయి. ఆరాక పాత కాగితం కవర్లో పెట్టకండి, ఆ దుమ్మంతా మళ్ళీ ఎక్కుతుంది.

ఇంత చేశాక కూడా టిక్కులుంటే గడియారం పట్టుకుని లెక్కపెట్టండి. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో ఒక చుట్టుకు 1.8 సెకన్లు, 45లో 1.33 సెకన్లు. టిక్కు సరిగ్గా ఆ తాళంలో వస్తే అది గీత, కడిగితే పోదు. వేసిన ప్రతిసారీ చోటు మారుతుంటే దుమ్ము, లేదా స్టాటిక్ (రాపిడికి పుట్టే విద్యుత్తు). రోహిణి కార్తెలో పడమటి గాలి పొడిగా వీచే రోజుల్లోనూ, ఏసీ గదిలోనూ స్టాటిక్ ఎక్కువ. వేసేముందు కార్బన్ ఫైబర్ బ్రష్‌తో రెండు చుట్లు తుడిస్తే చాలు.

మీ ఈపీల్లో మోనోవి (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చేవి) ఉంటే ఆంప్లిఫయర్లో మోనో మీట నొక్కి వినండి. మోనో పాట సూదిని గాడిలో పక్కలకే ఊపుతుంది. మురికి మాత్రం సూదిని పైకీ కిందకీ కూడా ఎగరేస్తుంది. రెండు చానెళ్ళూ కలిస్తే ఆ ఎగురుడు చప్పుడు ఒకదానికొకటి కొట్టేసుకుంటుంది. పైసా ఖర్చు లేని ఈ ఉపాయాన్ని ఎందుకో చాలామంది వాడుకోరు.

ప్రశ్న: తాతగారి 78 ప్లేట్లను (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులను) స్పిరిట్‌తో తుడిస్తే దూదికి నలుపు అంటింది, మెరుపు పోయింది. చప్పుడూ పెరిగింది.
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: వెంటనే ఆపేయండి. ఆ నలుపు మురికి కాదు, ప్లేటే. అవి లక్కతో చేసినవి, లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. కరిగిన పొర తిరిగి రాదు. పైన చెప్పిన ఆల్కహాల్ మిశ్రమం కూడా వీటికి పనికిరాదు. డిస్టిల్డ్ వాటర్‌లో వెట్టింగ్ ఏజెంట్ ఒక్క చుక్క వేసి, నానబెట్టకుండా తుడిచి, వెంటనే ఆరబెట్టండి. లక్కలో రాతిపొడి కలుపుతారు గనుక సన్నటి సర్రుమనే చప్పుడు కొంత ఉండనే ఉంటుంది.

సూది కూడా చూసుకోండి. 78 గాడి వెడల్పు, దానికి 75 మైక్రాన్ల మొన కావాలి. ఎల్పీ సూది 18 నుంచి 25 మైక్రాన్లే కాబట్టి గాడి అడుగున మురికిలో దొర్లుతుంది. పాత ప్లేయర్లలో సూది పక్కన చిన్న మీట ఉంటుంది, దాన్ని తిప్పితే 78 మొన కిందికి వస్తుంది. సౌండ్ బాక్సున్న (సూది కదలికనే కరెంటు లేకుండా చప్పుడుగా మార్చే డబ్బీ) గ్రామఫోనైతే, రికార్డు ఒక్కో పక్క వేసినప్పుడల్లా ఉక్కు సూదిని మార్చాలి.