ఆ రాళ్లలో విషం లేదు, అమ్మోనియా సంగతి చూడండి

ప్రశ్న: మాది విజయవాడ. రెండడుగుల అక్వేరియం పెట్టి పన్నెండు రోజులైంది. పిడుగురాళ్ల వైపు నుంచి తెచ్చిన పొరల రాళ్లు, కృష్ణ ఒడ్డున ఏరిన గులకరాళ్లు వేశాం. నాలుగు గోల్డ్‌ఫిష్, పది నియాన్ టెట్రాలు వదిలితే టెట్రాలు ఆరు చనిపోయాయి. మిగతావి పైకొచ్చి గుటకలు వేస్తున్నాయి. నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే పిహెచ్ 8.4 చూపిస్తోంది. రాళ్లలో విషం ఉందేమోనని మా అనుమానం. షాపతను ఫంగస్ అని చెప్పి నీలం మందు, యాంటీబయోటిక్ పొడి, పిహెచ్ తగ్గించే మందు ఇచ్చాడు. ఏ రాళ్లు వాడాలి? – ఒక పాఠకుడు

జవాబు: ఫంగస్ కాదు. అదే అయితే ఒంటి మీద, రెక్కల మీద దూదిపింజల్లా తెల్లటి కుచ్చులు కనబడాలి. మీ ఫొటోల్లో ఏ చేపకూ అవి లేవు. రాళ్లలో విషమూ కాదు. చేపల్ని చంపుతున్నది అమ్మోనియా అని నా గట్టి అనుమానం. చేపల విసర్జన నుంచి, మిగిలిన మేత నుంచి వచ్చే అమ్మోనియాను మార్చే బాక్టీరియా ఫిల్టర్‌లో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరు పన్నెండు రోజుల్లోనే పద్నాలుగు చేపల్ని వదిలారు. పైగా నీలం మందు, యాంటీబయోటిక్ కలిసి ఆ కాస్త బాక్టీరియానూ దెబ్బతీశాయి.

రాళ్ల తప్పు లేదనను. ఫొటోలో బూడిద రంగులో పొరలు పొరలుగా, తెల్ల చారలతో ఉన్నది నాపరాయి, అంటే సున్నపురాయే. అది నీళ్లలో కొద్దికొద్దిగా కరిగి పిహెచ్‌ను పైకి లాగుతుంది. నీళ్ల వేడి 28 డిగ్రీలున్నప్పుడు, పిహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో చేపకు విషమయ్యే భాగం నూటికి ఒకటి కూడా ఉండదు. 8.4 దగ్గర అది నూటికి 15 దాకా పోతుంది. అమ్మోనియా అంతే ఉన్నా విషం ఇరవై రెట్లు అవుతుందన్నమాట. కుళాయి నీళ్ల పిహెచ్ ఎంతో మీరు రాయలేదు. బకెట్‌లో పట్టి ఒక రోజు ఉంచి, అదీ చూడండి.

ఇవాళే చేయాల్సినవి: నాపరాళ్లు తీసేయండి. ఏ మందూ వేయొద్దు. ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ వేస్తే నీలం మందు చాలావరకు పోతుంది. మేత రెండు రోజులు మానేయండి, చేప చావదు. ఎయిరేటర్ రాత్రింబవళ్లు నడవాలి. మీ తొట్టి 54 లీటర్లనుకుంటే రోజుకు 15 లీటర్ల చొప్పున ఐదు రోజులు నీళ్లు మార్చండి. కొత్త నీళ్లు ముందు రోజే బకెట్‌లో పట్టి, గాలి గొట్టం వేసి 24 గంటలు ఉంచితే క్లోరిన్ పోతుంది. ఫిల్టర్ స్పాంజిని తీసిన తొట్టి నీళ్లలోనే పిండాలి, కుళాయి కింద కాదు.

పిహెచ్ తగ్గించే మందు సంగతి వేరే చెప్పాలి. సున్నపురాయి ఉన్న తొట్టిలో ఆమ్లం పోస్తే రాయి ఇంకా కరుగుతుంది, రెండో రోజుకి పిహెచ్ మళ్లీ పైకొస్తుంది. చేపకు ఈ ఎగుడుదిగుడే ప్రాణాంతకం. షాపతనికి మాత్రం ప్రతి వారం ఒక సీసా అమ్ముడు! నీళ్లు పరీక్షించకుండా మందు పోయకండని చెరువు రైతులకు చెప్పీ చెప్పీ మా నోళ్లు నొప్పి పుట్టాయి, ఇప్పుడు ఇళ్లలోని తొట్లకూ అదే జబ్బు పట్టుకుంది. మందుల మీద పెట్టిన డబ్బులో సగంతో అమ్మోనియా, పిహెచ్, నీళ్ల గట్టిదనం (కరిగిన సున్నం వంటి లవణాల మోతాదు) చూసే ద్రవపు కిట్లు వచ్చేవి.

ఇక రాళ్లు. పలుగురాయి, క్వార్ట్‌జైట్, గ్రానైట్ నిశ్చింతగా వాడొచ్చు. మార్కాపురం పలకరాయి కూడా బాగుంటుంది, పరీక్షించి వాడండి. నాపరాయి, చలువరాయి, గవ్వలు, సూర్యలంక ఇసుక వద్దు, ఆ ఇసుకలో గవ్వ ముక్కలుంటాయి. షాపుల్లో ప్యాకెట్లలో అమ్మే తెల్ల గులకరాళ్లు చాలాసార్లు చలువరాయి ముక్కలే. ఏటి రాయి కదా అని నమ్మడానికీ లేదు. కృష్ణ పల్నాడు సున్నపురాళ్ల మీదుగా వస్తుంది, ఒడ్డున అన్నీ కలగలిసి ఉంటాయి. ఆకుపచ్చ మరకలు, లోహంలా మెరిసే చారలు ఉన్న రాయి ఎంత అందంగా ఉన్నా తొట్టిలో వేయొద్దు. వినుకొండ దగ్గర అగ్నిగుండాల, బండ్లమోటు ప్రాంతంలో రాగి, సీసం ఖనిజాలున్నాయి, అటు నుంచి తెచ్చే వాటితో మరీ జాగ్రత్త. మిరప చేల గట్ల మీది రాళ్లు అసలే వద్దు. అక్కడ కొట్టే పైరిథ్రాయిడ్ రకం పురుగుమందులు చేపలకు అతి కొద్ది మోతాదులోనే విషం, గరుకు రాయి వాటిని పట్టి ఉంచుతుంది.

పరీక్ష ఇలా. రాయిని కడిగి ఆరబెట్టి, మేకుతో గీకి కొత్త పొర తేల్చండి. ఆ గీత మీద బాత్‌రూమ్ కడిగే యాసిడ్ రెండు చుక్కలు వేయండి. బుసబుస నురగ వస్తే సున్నపురాయే, అది పక్కన పెట్టేయండి. ఆరుబయట, గ్లౌజులు వేసుకుని చేయాలి. బ్లీచింగ్ పౌడర్ ఆ దరిదాపుల్లో ఉండకూడదు, రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. వెనిగర్‌తో చూస్తే మెల్లగా కరిగే రాళ్లు దొరక్కుండా తప్పించుకుంటాయి. యాసిడ్ పరీక్షలో నెగ్గిన రాళ్లను బాగా కడిగి, రెండు కిలోలు ఐదు లీటర్ల బకెట్‌లో వారం రోజులు నానబెట్టండి. పక్కన అవే నీళ్లతో రాయి లేని బకెట్ ఒకటి ఉండాలి. రెండింటి పిహెచ్, గట్టిదనం ఒకేలా ఉంటే ఆ రాళ్లు మీ తొట్టికి పనికొస్తాయి.

సబ్బు, సర్ఫ్ తగలనివ్వకుండా బ్రష్‌తో రుద్ది, మరుగు నీళ్లు పోసి, రెండు రోజులు ఎండబెట్టండి. పొయ్యి మీద ఉడకబెట్టొద్దు, లోపలి తేమకి కొన్ని రాళ్లు పగిలి ఎగురుతాయి. పెద్దవాటిని ఇసుక మీద కాకుండా అడుగున పలచటి థర్మోకోల్ వేసి దాని మీద నిలిపి, తర్వాతే ఇసుక పోయండి. లేదంటే గోల్డ్‌ఫిష్ ఇసుక తవ్వినప్పుడు రాయి ఒరిగి అద్దం పగులుతుంది.

నాలుగు గోల్డ్‌ఫిష్‌కే ఆ తొట్టి చాలదు, రెండింటిని ఎవరికైనా ఇచ్చేయండి. టెట్రాలకు మెత్తని, అంటే గట్టిదనం తక్కువున్న నీళ్లు కావాలి. వాటిని మళ్లీ తెచ్చే ముందు అమ్మోనియా, దాన్ని బాక్టీరియా మార్చేటప్పుడు వచ్చే నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తున్నాయో లేదో వారం పాటు రోజూ చూసి, ఆ అంకెలు మాకు రాయండి.