తక్కువ జీఐ డైట్ చేస్తున్నా బరువు రెండు కిలోలే తగ్గింది, కొవ్వు కరుగుతున్నట్టా కాదా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 38 ఏళ్లు, ఎత్తు 158 సెం.మీ. మూడు నెలల క్రితం 86 కిలోలు ఉండేదాన్ని. షుగర్ లేదు, థైరాయిడ్ నార్మలే. గ్లైసీమిక్ ఇండెక్స్ (జీఐ, అంటే తిన్నది రక్తంలో షుగర్‌ని ఎంత తొందరగా పెంచుతుందో చెప్పే అంకె) తక్కువున్నవి తింటే కొవ్వు ఒక్కటే కరుగుతుందని విని అప్పట్నుంచి అవే తింటున్నా. బరువు 84కి వచ్చి ఆగింది, నడుము మాత్రం 104 నుంచి 99 సెం.మీ.కి తగ్గింది. జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద నడుస్తాను. అక్కడి మెషీన్ ఒకరోజు కొవ్వు 44 శాతం అంటుంది, ఇంకో రోజు 41 అంటుంది. ఏది నమ్మాలి? డైట్ ఆపేయనా?

జవాబు: ఆపకండమ్మా. మీరు చిన్నది అనుకుంటున్నారు గానీ నడుము 5 సెం.మీ. తగ్గడం నా లెక్కలో రెండు కిలోల కంటే పెద్ద విషయం, ఎందుకంటే షుగర్, బీపీ, గుండె జబ్బులకి దారితీసేది ఎక్కువగా ఆ పొట్ట లోపలి కొవ్వే.

ముందు మెషీన్ సంగతి. అది ఒంట్లోకి సన్నటి కరెంట్ పంపి నీటిని బట్టి కొవ్వుని అంచనా వేస్తుంది, కాబట్టి నీళ్లు తాగినా, చెమట పట్టినా, పీరియడ్స్ ముందు ఒళ్లు నీరు పట్టినా అంకె మారిపోతుంది, ఒక్కరోజులో 3 శాతం కొవ్వు పోవడం పెరగడం జరగదు. మీరు టేపునే నమ్మండి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో, ఊపిరి వదిలాక, రెండు వారాలకోసారి కొలవండి చాలు. నడుము మీ ఎత్తులో సగం, అంటే 79 సెం.మీ. లోపు ఉండాలి, అది దూరపు లక్ష్యమే, తొందరేం లేదు.

ఇక జీఐ. 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ టీమ్ షుగర్ పేషెంట్ల కోసం మొదలుపెట్టిన లెక్క ఇది, గ్లూకోజ్‌ని 100 అనుకుని 55 లోపు వస్తే తక్కువ, 70 దాటితే ఎక్కువ అంటారు. పప్పులు, శనగలు, పాలు, యాపిల్ లాంటివి తక్కువలో ఉంటాయి, తిన్నాక షుగర్ మెల్లగా పెరుగుతుంది, చాలామందికి ఆకలి కూడా తొందరగా వేయదు. ఇదంతా మంచిదే. కానీ కొవ్వుని మాత్రమే ఏరి కరిగించే శక్తి దానికి లేదు. 2023లో కాక్రేన్ అనే, వైద్య పరిశోధనల్ని కలిపి పరిశీలించే సంస్థ వాళ్లు ట్రయల్స్ అన్నీ కలిపి చూస్తే తక్కువ జీఐ డైట్‌కీ మిగతా డైట్లకీ బరువు తగ్గడంలో పెద్ద తేడా ఏం కనపడలేదు. ఇంకోటి, కొవ్వు కలిస్తే జీఐ తగ్గుతుంది, అందుకే ఐస్‌క్రీమ్ కూడా తక్కువ జీఐలోకి వచ్చేస్తుంది, పుచ్చకాయేమో చాలా పట్టికల్లో ఎక్కువలో ఉంటుంది, కానీ దాంట్లో ఉండేది ఎక్కువ నీరే కాబట్టి ఒక కప్పు తింటే షుగర్ పెరిగేది తక్కువే. అంకె చూసి నట్స్, తీపి పెరుగు ఎంత పడితే అంత తింటుంటే మీ బరువు ఆగడానికి కారణం అదే అయ్యుండొచ్చు, ఒక వారం తిన్నదంతా రాసి చూడండి.

నాకు అసలు బెంగ మీ కండ గురించి. ఏ డైట్ చేసినా తగ్గే బరువులో దాదాపు పావు వంతు కండ నుంచే పోతుంది, ఆడవాళ్లకి నలభై దగ్గర పడేకొద్దీ దాన్ని మళ్లీ తెచ్చుకోవడం కష్టమవుతుంది, కండ పోతే ఖర్చయ్యే కేలరీలూ తగ్గి బరువు తిరిగొచ్చేస్తుంది. ట్రెడ్‌మిల్ ఒక్కటే దీన్ని ఆపలేదు. వారానికి రెండు మూడు రోజులు బరువులు ఎత్తండి, మోకాళ్లు నొప్పైతే కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకి పుషప్స్‌తో మొదలుపెట్టండి. ప్రోటీన్ మీ ఎత్తుకి రోజుకి 70 నుంచి 80 గ్రాములు అవసరం, ఒక్క పూటే కాకుండా మూడు పూటలా పంచుకోండి. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం మీ డాక్టర్‌ని అడిగాకే.

పీరియడ్స్ గురించి మీరేమీ రాయలేదు. నెలనెలా సరిగ్గా రాకపోతే, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతుంటే పీసీఓఎస్ (అండాశయాలకి సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉందేమో గైనకాలజిస్ట్‌కి చూపించుకోండి, ఆ సమస్యలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు కాబట్టి తక్కువ జీఐ తిండి వల్ల బరువు పెద్దగా తగ్గకపోయినా లాభం ఉండొచ్చు. ఆ సమస్య ఉన్నా లేకపోయినా హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే టెస్ట్), కొలెస్ట్రాల్ టెస్టులు కూడా చేయించుకోండి.